చేతి వణుకు చెబుతారు, మనసు సంగతి దాస్తారు

కిందటి నెల ఈ శీర్షికలో పార్కిన్సన్స్ జబ్బులో వచ్చే వణుకు, నడక, మాత్రల వేళల గురించి రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చాలావరకు వణుకు గురించి కాదు. లేని మనుషులు కనిపించడం, భార్య మీద అనుమానం, జూదం, దిగులు, మతిమరుపు. "ఇది అడగొచ్చో లేదో" అంటూ మొదలుపెట్టినవే ఎక్కువ. తప్పకుండా అడగాలి. 1817లో ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్, ఇందులో ఇంద్రియాలకూ బుద్ధికీ ఏ లోపమూ రాదని రాశాడు. ఆయన రాసింది ఆరుగురి గురించి, వాళ్లలో కొందరు దారిలో కనిపించినవాళ్లే. అయినా ఆ మాట వైద్యుల్లో చాలాకాలం నిలిచిపోయింది. ఇళ్లలో ఇప్పటికీ అదే నమ్మకం. నరాల డాక్టరుగా నా గదిలో నేను చూసేది వేరు. చేయి చాపి వణుకు చూపిస్తారు, నడిచి చూపిస్తారు. మనసు సంగతి మాత్రం లేచి తలుపు దాకా వెళ్లాక, పక్కనున్నవాళ్లు వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి చెబుతారు. చాలామంది అదీ చెప్పరు.

ప్రశ్న: మా మామయ్యగారికి 74 ఏళ్లు. పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లయింది. రెండు నెలలుగా సాయంత్రం అయ్యేసరికి సోఫాలో ఇద్దరు పిల్లలు కూర్చున్నారంటున్నారు. వాళ్లు మాట్లాడరట, ఊరికే చూస్తుంటారట. ఆయనకేమీ భయం లేదు. "వాళ్లు నిజంగా లేరని నాకు తెలుసమ్మా, కానీ కనిపిస్తున్నారు" అంటారు. డాక్టరుకి చెబితే పిచ్చి అని రాసేస్తారని మావారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు? — ఒక కోడలు

జవాబు: చెప్పండమ్మా. వచ్చే చెకప్ దాకా ఆగొద్దు, ఈ వారమే చెప్పండి. పార్కిన్సన్స్ కొన్నేళ్లు నడిచాక లేనివి కనిపించడం మాకు బాగా తెలిసిన లక్షణం. కనిపించేవి కూడా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి: పిల్లలు, పొట్టి మనుషులు, పిల్లులు, కుక్కలు, పురుగులు. సాధారణంగా మాట్లాడరు. వెలుతురు తగ్గే వేళకు వస్తారు. అంతకంటే ముందే చిన్న చిన్నవి మొదలవుతాయి. వెనకాల ఎవరో నిలబడినట్టు అనిపిస్తుంది. కంటికొసన ఏదో చటుక్కున దాటిపోయినట్టు ఉంటుంది. కొక్కేనికి వేలాడే చొక్కా మనిషిలా కనబడుతుంది. మామయ్యగారిని నెమ్మదిగా అడిగి చూడండి, ఇవి ఆయనకు ఎప్పటినుంచో ఉండి ఉండొచ్చు.

ఒకసారి ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని మాత్రల గురించి చక్కగా మాట్లాడుతూనే, పక్క కుర్చీలో ఉన్న తన భార్య నల్ల చేతిసంచిని నిమరబోయారు. వేళ్లు దానికి తగిలే ముందు ఆగిపోయాయి. "కుక్కపిల్ల అనుకున్నా" అన్నారు, చేయి వెనక్కి తీసుకుంటూ. ఆవిడ తల దించుకుని, ఇంట్లోనూ ఇలాగే అవుతోందని, ఏడాదిగా ఎవరికీ చెప్పలేదని అన్నారు. ఆ ఏడాదంతా ఆయన వాడుతున్న మాత్రల్లో ఒకటి ఈ భ్రమల్ని పెంచే రకం. అది నెమ్మదిగా ఆపాక చాలావరకు తగ్గాయి.

ఎందుకిలా జరుగుతుందంటే, మసక చీకట్లో తాడును చూసి పామనుకోవడం అందరికీ అనుభవమే. మరుక్షణం మెదడు తన పొరపాటు తానే దిద్దుకుంటుంది. పార్కిన్సన్స్‌లో ఆ దిద్దుబాటు మందగిస్తుంది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మెదడు కణాల్లో ముద్దలుగా పేరుకుంటుంది. ఈ ముద్దల్ని 1912లో వర్ణించిన ఫ్రెడరిక్ లెవీ పేరుతోనే వాటిని లెవీ బాడీలు అంటారు. అవి కదలికల్ని నడిపే భాగంతో ఆగవు, చూపునూ ధ్యాసనూ నడిపే భాగాలకూ వ్యాపిస్తాయి. దానికి మందుల ప్రభావం తోడవుతుంది.

సాయంత్రం ఆ గదిలో లైట్లు తొందరగా వేయండి, మూలల్లో నీడలు లేకుండా చూడండి. కళ్ల పరీక్ష చేయించండి, శుక్లాలుంటే భ్రమలు ఎక్కువవుతాయి. తర్వాత, ఆయన వేసుకునే ప్రతి మందూ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం కోసం, నిద్ర కోసం, జలుబు కోసం వేరే డాక్టర్లు ఇచ్చినవి, మీరే కొనుక్కున్నవి కూడా అందులో ఉండాలి. మందులు తగ్గించాల్సి వస్తే మేం సాధారణంగా ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి వాటితో మొదలుపెడతాం. ఆ తర్వాత అమాంటడిన్, సెలెజిలిన్ లాంటివి, ఆ పైన ప్రామిపెక్సోల్, రోపినిరోల్ చూస్తాం. నడిపించే అసలు మందు లెవోడోపా జోలికి చివరగా వెళతాం. ఇది మీకు మీరుగా చేసేది కాదు. లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

కనిపిస్తున్నవి నిజం కాదని మామయ్యగారికి తెలుసు. భయమూ లేదు. ఈ దశలో వేరే మందు అవసరం లేకపోవచ్చు కూడా. ఆయన చెప్పినప్పుడు లేరని వాదించొద్దు, ఉన్నారని నటించొద్దు. "నాకు కనిపించడం లేదు మామయ్యగారూ, మీకు కనిపిస్తున్నారు కదా, లైటు వేస్తానుండండి" అంటే చాలు. పిచ్చి అని రాసేస్తారన్న భయం గురించి మీవారికి చెప్పండి: మేం చీటీలో రాసేది ఏ మాత్ర మార్చాలన్న సంగతి.

ప్రశ్న: మావారికి 12 ఏళ్లుగా ఈ జబ్బు. ఆరు నెలలుగా నాకు ఎవరితోనో సంబంధం ఉందంటున్నారు. నేను ఫోన్ తీస్తే ఎవరు అని నిలదీస్తారు. రాత్రుళ్లు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటారు. దగ్గర్లో ఉన్న ఒక డాక్టరు ఆయన్ని శాంతపరచడానికి ఒక మాత్ర రాశారు. వారం తిరిగేసరికి మంచం దిగలేకపోయారు, మాట ముద్ద ముద్దగా అయిపోయింది. ఆ మాత్ర మానేశాం. ఇన్నేళ్లు కాపురం చేశాక ఈ మాట పడాల్సి వచ్చింది. పిల్లలతో ఎలా చెప్పుకోను? — పేరు రాయలేని ఒక భార్య

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ముందుగా ఒకటి చెప్పనివ్వండి. ఆ అనుమానం ఇన్నేళ్లుగా ఆయన మనసులో దాగి ఉండి ఇప్పుడు బయటపడింది కాదు. మిమ్మల్ని తూచి చూసి ఆయన ఇచ్చిన తీర్పు అంతకంటే కాదు. ఈ జబ్బులో వచ్చే అపనమ్మకాలు కొన్ని మూసల్లోనే ఉంటాయి: భార్యకో భర్తకో సంబంధం ఉందనడం, డబ్బు దొంగిలిస్తున్నారనడం, ఇంట్లో ఎవరో దాక్కున్నారనడం, ఎదురుగా ఉన్నది తన భార్య కాదు, ఆమెలా ఉన్న ఇంకెవరో అనడం. ఒకరినొకరు ఎరగని కుటుంబాలు నా దగ్గర ఇంచుమించు ఇవే మాటలు చెప్పి ఏడుస్తాయి. జీవితమంతా భార్యను ఒక్క మాట అనని మనిషికీ ఇది వస్తుంది.

ఆ మాత్ర పేరు మీరు రాయలేదు. కానీ జరిగింది చూస్తే, కదలికల్ని నడిపే మెదడు రసాయనమైన డోపమైన్‌ను అడ్డుకునే రకం అయి ఉండే అవకాశం ఎక్కువ. పార్కిన్సన్స్‌లో ఉన్న లోటే డోపమైన్ లోటు. ఆ మిగిలిన కాస్తనూ అడ్డుకుంటే మనిషి కొయ్యబారిపోతాడు. హాలోపెరిడాల్ ఈ రోగులకు ఇవ్వకూడదు. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ కూడా ఒంటిని బిగదీస్తాయి. ఆ పాత చీటీ పారేయకండి, నరాల డాక్టరుకి చూపించండి.

ఇలాంటప్పుడు వాడే మందులు వేరే ఉన్నాయి. బాగా పనిచేస్తుందని రుజువైనది క్లోజపిన్, అదీ చాలా చిన్న డోసులో. అది కొందరిలో తెల్ల రక్తకణాల్ని ప్రమాదకరంగా తగ్గిస్తుంది, అందుకే మొదట్లో వారం వారం రక్తపరీక్ష తప్పదు. ఆ ఇబ్బంది లేదని చాలామంది డాక్టర్లు ముందు క్వెటియాపిన్ రాస్తారు. దానికి రుజువు అంత గట్టిగా లేకపోయినా కొందరికి మేలు చేయడం చూస్తుంటాం. పిమావాన్సెరిన్ అనే మందు డోపమైన్ జోలికి పోకుండా పనిచేస్తుంది, అమెరికాలో 2016లో దీనికి అనుమతి వచ్చింది. మతి తప్పిన పెద్దవాళ్లలో ఈ జాతి మందులన్నిటితో ప్రాణాపాయం కొంత పెరుగుతుంది. కాబట్టి ముందు పాత మందులు తగ్గించి చూసి, అవసరమైతేనే ఇవి మొదలుపెడతాం.

ఇంట్లో రుజువులు చూపించబోకండి. ఫోన్ చేతికిచ్చి చూసుకోమన్నా అనుమానం తీరదు, ఇంకో కొత్త ప్రశ్న పుడుతుంది. "మీకు బాధగా ఉంది, నేనిక్కడే ఉన్నాను" అని పక్కన కూర్చోండి, కాసేపటికి మాట మళ్లించండి. ఆయన చేయి ఎత్తినా, కత్తి లాంటిది పట్టుకున్నా ఆ గదిలో ఉండొద్దు. బయటికి వచ్చి మనిషిని పిలవండి, అదే రోజు డాక్టరుకి చెప్పండి. జబ్బువల్లే కదా అని దెబ్బలు ఓర్చుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

పిల్లల్లో ఒకరికైనా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ చేతికివ్వండి. ఒంటరిగా మోస్తున్నవాళ్లు మందులు మారేలోపే కుప్పకూలిపోవడం నేను చూశాను, మీ గురించి నాకున్న బెంగ అదే.

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్‌కు మాత్రలు వాడుతున్నాను, ప్రామిపెక్సోల్ డోసు కిందటేడు పెంచారు. జన్మలో పేకముక్క ముట్టనివాడిని. ఇప్పుడు అర్ధరాత్రి దాటేదాకా ఫోన్‌లో జూదం ఆడుతున్నాను. దాచుకున్నదంతా పోయింది, అప్పు కూడా చేశాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. నాలో ఇంత నీచుడు ఉన్నాడా అని నామీద నాకే అసహ్యం వేస్తోంది. — ఒక పాఠకుడు

జవాబు: మీరు ఈ ఉత్తరం రాసి చాలా మంచి పని చేశారు. "డోసు కిందటేడు పెంచారు" అని మీరే రాశారు, అసలు సంగతి అక్కడే ఉంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి మెదడులో డోపమైన్‌లా పనిచేస్తాయి. కదలికలతో పాటు కోరికనూ, గెలుపు ఆశనూ నడిపే చోట్లను కూడా అవి రెచ్చగొడతాయి. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగుల్ని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రకం మాత్రలు వాడేవాళ్లలో 17 శాతం మందికి అదుపు లేని ఇలాంటి అలవాట్లు కనిపించాయి. వాడనివాళ్లలో అది 7 శాతం లోపే. కొందరికి జూదం, కొందరికి అక్కర్లేని వస్తువులు కొంటూనే ఉండటం, కొందరికి అర్ధరాత్రి లేచి తినడం, కొందరికి ఎప్పుడూ లేనంత లైంగిక కోరిక. వయసు తక్కువున్నవాళ్లకు, ఇంతకుముందు జూదమో తాగుడో ఉన్న కుటుంబాలవాళ్లకు ముప్పు ఎక్కువ. ఇవేవీ లేనివాళ్లకూ వస్తుంది.

ఈ మాత్ర రాసేటప్పుడే రోగికీ, ఇంట్లోవాళ్లకూ ఈ సంగతి విడమరిచి చెప్పాలి. చెప్పకుండా రాయడం అన్యాయం అని నా అభిప్రాయం.

డాక్టరుని ఈ వారమే కలవండి, చెప్పేటప్పుడు మొత్తం చెప్పండి. మాత్రను మెల్లమెల్లగా తగ్గిస్తారు, అవసరమైతే లెవోడోపా సర్దుతారు. చాలామందిలో ఆ యావ దానంతటదే చల్లారుతుంది. మీకు మీరు ఒక్కరోజులో ఆపేయొద్దు. అలా ఆపితే కొందరికి భయం, చెమటలు, తీవ్రమైన దిగులు పట్టుకుంటాయి. వాటికి లెవోడోపా పెంచినా ఫలితం ఉండదు. తగ్గిస్తున్న రోజుల్లోనూ అలాంటివి వస్తే ఓర్చుకోకుండా చెప్పండి. ఈలోగా బ్యాంకు ఖాతా, ఫోన్ చెల్లింపులు ఇంట్లో ఒకరి చేతికి అప్పగించండి. అందుకు ఇంట్లో చెప్పక తప్పదు. మీ భార్య డాక్టరు గదిలో మీ పక్కన కూర్చుని ఉండగా, ఇది మాత్రవల్ల వచ్చిందని డాక్టరు నోట వింటే మంచిది. వీలైతే అలా ఏర్పాటు చేసుకోండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇప్పుడు పేపరు కూడా తిరగేయరు. లేవమంటే లేస్తారు, లేకపోతే అలాగే కూర్చుంటారు. బాధగా ఉందా అంటే లేదంటారు. తమ్ముడు బద్ధకం అంటాడు. ఏదైనా అడిగితే జవాబు చాలా ఆలస్యంగా వస్తోంది. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా? — ఒక కూతురు

జవాబు: మీ తమ్ముడికి చెప్పండి, బద్ధకస్తుడికి పని తప్పించుకోవాలని ఉంటుంది. మీ నాన్నగారికి పని మొదలుపెట్టాలన్న ప్రేరణే పుట్టడం లేదు. ఈ నిరాసక్తత పార్కిన్సన్స్ ఉన్న ప్రతి 10 మందిలో దాదాపు నలుగురిలో కనిపిస్తుంది. దిగులు వేరు. దిగులున్న మనిషి బాధపడతాడు, తనను తాను నిందించుకుంటాడు, నిద్ర పట్టక దొర్లుతాడు. రెండూ కలిసి ఉండటమూ మామూలే. దిగులుకు మందులున్నాయి, మాట్లాడి నయం చేసే కౌన్సెలింగ్ ఉంది, రెండూ పనిచేస్తాయి. అందుకే ఏది ఎంత ఉందో తేల్చి చూడాలి. వీటిలో ఏదైనా వణుకు మొదలవడానికి ముందే రావచ్చు కూడా.

నిరాసక్తతకు నమ్మకమైన మాత్ర లేదు. పనికొచ్చేది వేళ. "ఏమైనా చేయండి నాన్నా" అంటే ఆయన చేయలేరు. పది గంటలకు మీరు పేపరు తెరిచి, పక్కన పెన్ను పెట్టి, "ఈ లెక్క నాతో చేయండి" అంటే చేయొచ్చు. రోజూ అదే వేళకు చేయించండి. నడక, వ్యాయామం కూడా అలాగే.

ఆలస్యంగా జవాబు రావడం గురించి. ఈ జబ్బులో మొదట తగ్గేది జ్ఞాపకాల నిల్వ కాదు, వేగం, ధ్యాస, ఒకదాని తర్వాత ఒకటి ప్లాను చేసుకోవడం. గడియారం గీయమంటే అంకెలన్నీ ఒక పక్కకే ఇరికించేస్తారు. పేరు గుర్తురాకపోతే మొదటి అక్షరం అందిస్తే చాలు, చెప్పేస్తారు. కాబట్టి ప్రశ్న ఒక్కటే అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి, మధ్యలో ఇంకో ప్రశ్న వేయొద్దు.

మతి పూర్తిగా తప్పుతుందా అన్నదానికి సూటిగా చెబుతాను. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రోగుల్ని 20 ఏళ్లు వెంబడించిన ఒక అధ్యయనంలో అప్పటికి బతికి ఉన్నవాళ్లలో 83 శాతం మందికి ఆ స్థితి వచ్చింది. ఆ అంకె చదివి చాలామంది బెంబేలెత్తిపోతారు. 2024లో వచ్చిన కొత్త లెక్కల్లో జబ్బు మొదలైన పదేళ్లకు ఒక బృందంలో 10 శాతం లోపే, మరో బృందంలో 27 శాతం మందికే వచ్చింది. వయసు పైబడ్డాక జబ్బు మొదలైనవాళ్లకు, భ్రమలు కనిపించేవాళ్లకు ముప్పు ఎక్కువ. పరీక్ష చేయిస్తే ఎక్కడున్నారో తెలుస్తుంది. ఆ స్థితి వచ్చినవాళ్లకు రివాస్టిగ్మిన్ కొంత మేలు చేస్తుంది, వికారం, వణుకు కాస్త పెరగడం లాంటివి ఉండొచ్చు. ఈలోగా మతిని మసకబార్చే మందులేవైనా ఆయన వేసుకుంటున్నారేమో చూడండి. ట్రైహెక్సీఫెనిడిల్, మూత్రానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, నిద్రకో నొప్పికో ఇచ్చే అమిట్రిప్టిలిన్ అలాంటివే.

ప్రశ్న: మాత్ర వేసుకునే వేళకు అరగంట ముందు గుండె దడ, ప్రాణం పోతుందేమో అన్నంత టెన్షన్. మాత్ర వేసుకున్న కాసేపటికి మామూలు. గుండె పరీక్షల్లో ఏమీ లేదన్నారు. — ఒక పాఠకురాలు

జవాబు: మాత్ర ప్రభావం దిగిపోతున్నప్పుడు కొందరికి చేయి బిగుసుకుంటుంది, కొందరికి మనసు బిగుసుకుంటుంది. ఒక వారం పాటు మాత్ర వేసుకున్న టైమూ, టెన్షన్ వచ్చిన టైమూ రాసి డాక్టరుకి చూపించండి. డోసుల మధ్య ఎడం సర్దితే చాలామందికి సరిపోతుంది.

ప్రశ్న: మావారు నిద్రలో అరుస్తారు, తంతారు. ఒకసారి మంచం మీంచి పడ్డారు. ఇది వణుక్కంటే ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. సంబంధం ఉందా? — ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. కలలు కనేటప్పుడు ఒళ్లు కదలకుండా మెదడు కట్టిపడేస్తుంది. ఆ కట్టు సడలితే మనిషి కలలో చేసేది మంచం మీద చేస్తాడు. ఇది పార్కిన్సన్స్‌కు ఏళ్ల ముందే రావచ్చు. మెలటోనిన్, కుదరకపోతే చిన్న డోసులో క్లోనజిపామ్ ఇస్తారు. ముందు మంచం ఎత్తు తగ్గించండి, పక్కన మెత్తటి పరుపు వేయండి, గాజు సామాను దూరంగా పెట్టండి. కొన్నాళ్లు మీరు వేరే మంచం మీద పడుకోండి.

ప్రశ్న: అమ్మ మొన్నటిదాకా బాగానే ఉంది. రెండు రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టడం లేదు, కాసేపు మత్తుగా, కాసేపు కేకలు. జబ్బు ముదిరిందా? — ఒక కొడుకు

జవాబు: రెండు రోజుల్లో పార్కిన్సన్స్ ఇంతగా ముదరదు. మీకు నేరుగా ఫోన్ చేయించాను, మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. ఇంత హఠాత్తుగా మతి మారితే ఒంట్లో వేరే ఏదో జరుగుతోందని అర్థం: మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఒంట్లో నీరు తగ్గడం, రోజుల తరబడి మలబద్ధకం, పడి తలకు దెబ్బ తగలడం, కొత్తగా మొదలైన మందు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరుకి పార్కిన్సన్స్ అని మొదటి మాటగా చెప్పండి. లెవోడోపా ఏ వేళకు ఎంతో కాగితం మీద రాసివ్వండి, అడ్మిట్ చేసినా ఆ వేళలు తప్పకూడదు. కేకలకు హాలోపెరిడాల్, వాంతులకు మెటోక్లోప్రమైడ్ గానీ ప్రోక్లోర్‌పెరజిన్ గానీ ఇవ్వకూడదని అదే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఒక ప్రతి మందుల డబ్బాలో, ఒకటి ఫోన్ కవర్లో పెట్టుకోండి.